గుంటూరు నుంచి ఢిల్లీకి మిర్చి లారీ: దారి వేసుకునే ముందు నిద్ర ఎక్కడో రాసుకోండి

మార్చి నెల సాయంత్రం గుంటూరు మిర్చి యార్డు గేటు దగ్గర నిలబడితే ఘాటుకు కళ్లు మండుతాయి, తుమ్ములు ఆగవు. ఆ ఘాటులోనే పట్టా కప్పి తాళ్లు బిగించుకుంటున్న డ్రైవరును "ఢిల్లీ ఎన్ని రోజులన్నా?" అని అడిగితే "నాలుగు రోజులు" అని తడుముకోకుండా చెబుతాడు. "మరి ఏ రాత్రి ఎక్కడ పడుకుంటావు?" అంటే నవ్వి ఊరుకుంటాడు.

లెక్క కట్టి చూడండి. గుంటూరు నుంచి ఢిల్లీ సుమారు 1,800 కిలోమీటర్లు. నాలుగు రోజుల్లో చేరాలంటే రోజుకు 450. లోడు లారీ నాలుగు వరుసల రోడ్డు మీద కూడా టోల్ గేట్లు, ఊళ్లు, ఎత్తులు కలుపుకొని గంటకు సగటున 40 దాటడం కష్టం. అంటే ఒక్క మనిషి నాలుగు రోజులపాటు రోజూ పదకొండు గంటలకు పైగా స్టీరింగు పట్టుకోవాలి. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు అనేది. ఐదు గంటల పని మీద కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలనీ అందులోనే ఉండేది. చట్టం సంగతి అలా ఉంచినా, తెల్లవారుజామున మూడు గంటలకు కనురెప్పలతో వాదించి గెలిచినవారు ఎవరూ లేరు.

మా ఇంట్లో రెండు పది టైర్ల బండ్లు ఉండేవి. కొన్నేళ్లు నేను నడిపాను, తరువాత నడిపించాను. అందువల్ల ఈ మార్గదర్శిలో ఉదాహరణ అంతా ఒకే దారి, ఒకే సరుకు. మీ లోడు వేరైనా, ఊరు వేరైనా పద్ధతి మారదు.

కాటా చీటీ చేతిలోకి రాకముందు మ్యాపు తెరవకండి

2018 జులైలో కేంద్రం లారీల మొత్తం బరువు పరిమితులు పెంచింది. ఆరు టైర్ల బండికి 18.5 టన్నులు, పది టైర్ల బండికి 28.5, పన్నెండు టైర్ల నాలుగు ఇరుసుల బండికి 36. ఇది బండి బరువు కలుపుకొని చెప్పే లెక్క. పాత బండికి ఆర్‌సీలో తక్కువ అంకె ఉంటే ఆ అంకెనే లెక్కలోకి తీసుకోవాలి.

మిర్చి టిక్కీ (బస్తా) ఒకటి 45 కిలోలు అనుకోండి. 400 టిక్కీలు ఎక్కిస్తే 18 టన్నులు. ఖాళీ బండి బాడీతో కలిపి పది టన్నులైతే మొత్తం 28. పరిమితికి అర టన్ను లోపలే ఉన్నారు. అప్పుడు వ్యాపారి వచ్చి "ఇంకో నలభై టిక్కీలే కదా" అంటాడు. ఆ నలభైతో 29.8 టన్నులవుతుంది. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం అధిక లోడుకు 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000 చొప్పున జరిమానా. ఎక్కువైన సరుకును అక్కడే దించాలి, దించే ఖర్చూ మీదే. నలభై టిక్కీల కిరాయి ఎంతో, ఈ జరిమానా ఎంతో పక్కపక్కన రాసి చూసుకుంటే వ్యాపారికి ఏం చెప్పాలో మీకే తెలుస్తుంది.

మిర్చికి బరువుకన్నా ఎత్తు పెద్ద తలనొప్పి. సరుకు తేలిక, పరిమాణం ఎక్కువ. హమాలీలు వరుస మీద వరుస పేర్చుకుంటూ పోతే పైన గోపురంలా లేస్తుంది. లోడు పక్కలకు, ముందుకు, వెనక్కు పొడుచుకొచ్చినా, ఎత్తు మితిమీరినా అదే సెక్షన్ కింద మరో 20,000. జరిమానా అయితే కట్టి బయటపడవచ్చు. ఊళ్లలో వేలాడే కరెంటు తీగలతో, రైల్వే కింద వంతెనలతో అలా కుదరదు. అందుకని ఒక వెదురు బొంగు మీద మీటర్లు, అరమీటర్ల గుర్తులు గీసి బండిలో ఉంచుకోండి. తాళ్లన్నీ బిగించాక బొంగు నిలబెట్టి కొలిచి, ఆ అంకెను డ్రైవరు కళ్ల ముందు సుద్దతో రాయండి. రైలు గేటు ముందు ఎత్తు బోర్డు కనిపించినప్పుడు "పడుతుందిలే" అనే మాట నోట్లోకి రాకుండా ఆ సుద్ద రాత ఆపుతుంది.

కాగితాలు

ఆర్‌సీ, ఫిట్‌నెస్, బీమా, కాలుష్య ధ్రువపత్రం, నేషనల్ పర్మిట్, లైసెన్సు. ఇవన్నీ డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో ఉంటే సరిపోతాయి. అయినా సిగ్నల్ లేని చోట చూపించడానికి జిరాక్సు ఒకటి దగ్గర పెట్టుకోండి. అన్నిటి గడువు తేదీలూ వెళ్లే రోజుకు కాకుండా తిరిగి వచ్చే రోజుకు సరిచూసుకోవాలి. చాలామంది దొరికిపోయేది ఇక్కడే.

ఈ-వే బిల్లు, అంటే జీఎస్టీ కింద సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే బిల్లు, దీని విషయంలో కాస్త ఓపిక చూపించండి. మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఇస్తారు. 2021 జనవరికి ముందు ఇది వంద కిలోమీటర్లే. మన 1,800కు తొమ్మిది రోజులు వస్తాయి. మొదటి రోజు మరుసటి అర్ధరాత్రికి ముగుస్తుంది. గడువులోగా చేరలేమనిపిస్తే అది తీరడానికి ముందు ఎనిమిది గంటల్లో, లేదా తీరిన తరువాత ఎనిమిది గంటల్లో పొడిగించుకోవచ్చు. దారిలో బండి చెడిపోయి సరుకు ఇంకో బండికి మారిస్తే, రెండో భాగంలో కొత్త బండి నంబరు ఎక్కించాకే కదలాలి. బిల్లులోని బండి నంబరును అక్షరం అక్షరం ఆర్‌సీతో పోల్చి చూడండి. ఒకటి రెండు అంకెల తప్పయితే చిన్న జరిమానాతో పోతుంది. నంబరంతా వేరే బండిదైతే సరుకును ఆపేస్తారు. ఒకసారి మా బండికి అంతకుముందు వారం వెళ్లిన బండి నంబరుతో బిల్లు వచ్చింది. యార్డు గేటు దాటకముందే క్లీనరు కుర్రాడు చూశాడు కాబట్టి సరిపోయింది. వాడికి ఆ రోజు బిర్యానీ పెట్టించాం.

హైదరాబాద్ దాకా రెండు దారులు

గుంటూరు నుంచి హైదరాబాద్‌కు ఒకటి విజయవాడ మీదుగా 65వ జాతీయ రహదారి. రెండోది సత్తెనపల్లి, పిడుగురాళ్ల, దాచేపల్లి, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి మిర్యాలగూడ, నల్గొండ, నార్కట్‌పల్లి. నేను రెండోదానికే ఓటు వేస్తాను. విజయవాడ రద్దీ తప్పుతుంది, దూరమూ కలిసి వస్తుంది. సున్నపురాయి, సిమెంటు బండ్లు పిడుగురాళ్ల చుట్టూ ఎక్కువగా తిరుగుతాయి కాబట్టి ఆ ముక్కను చీకట్లో కాకుండా వెలుతురులో దాటితే మంచిది.

ఒక దారి ఎంచుకున్నాక రెండోదాన్ని మరిచిపోకూడదు. 2023 జులైలో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరంలో 65వ రహదారి మీదకు నీళ్లు వచ్చాయి. లారీలు కిలోమీటర్ల కొద్దీ బారులు తీరాయి, బండ్లను గుంటూరు, మిర్యాలగూడ వైపు మళ్లించారు. మరుసటి ఏడాది సెప్టెంబరు మొదట్లో వానలకు ఆ రహదారి మళ్లీ తెగింది. ఇంకా పైకి వెళితే, ఆదిలాబాద్ దాటాక మహారాష్ట్ర సరిహద్దులో పెన్‌గంగ ఉంది. అది ఉగ్రరూపం దాల్చినప్పుడు డొల్లార వంతెన మీద బండ్లను ఆపేస్తారు. జులై నుంచి సెప్టెంబరు దాకా ప్రతి నది దగ్గరా "ఇది మూస్తే ఎక్కడ ఆగాలి, ఎటు తిరగాలి" అన్నది ముందే కాగితం మీద ఉండాలి. ఆగాల్సిన చోటు నది ఒడ్డున ఉండకూడదు. నదికి ముప్పై, నలభై కిలోమీటర్ల ముందు, తిండీ నీళ్లూ దొరికే చోట ఉండాలి. బారులో చిక్కుకున్నాక వెనక్కి తిప్పడం కుదరదు.

ఫోనులోని మ్యాపు కారు దారి చూపిస్తుంది. మూడు నిమిషాలు మిగులుతాయని చెప్పి ఊరి మధ్య రైల్వే కింద వంతెనలోకి తీసుకెళుతుంది. మీరు అనుకున్న ఊళ్లను ఒక్కొక్కటిగా దానికి ఇచ్చి, ఆ ఊరి దాకా మాత్రమే దారి అడగండి. అది చూపే సమయం కూడా కారుదే. తొమ్మిది గంటలంటే మీకు పద్నాలుగు అనుకోండి.

హైదరాబాద్ నగరంలోకి పగటిపూట లారీలను రానివ్వరు, వెళ్లాల్సిన అవసరమూ లేదు. పెద్ద అంబర్‌పేట దగ్గర బాహ్య వలయ రహదారి (అవుటర్ రింగ్ రోడ్డు) ఎక్కి, ఘట్‌కేసర్, శామీర్‌పేట మీదుగా తిరిగి మేడ్చల్ దగ్గర కండ్లకోయలో దిగితే ఢిల్లీ వైపు వెళ్లే 44వ జాతీయ రహదారి ఎదురుగా ఉంటుంది. ఆ వలయం మీద పక్కన ఆపి టీ తాగుదామనుకోకండి. కార్లు వంద మీద వస్తుంటాయి, ఆగిన లారీ తోక వారికి చివరి క్షణంలో గానీ కనిపించదు.

ఐదు రాత్రులు

ఇప్పుడు అసలు పని. ఒక్క డ్రైవరుతో రోజుకు 350 కిలోమీటర్లకు మించి రాసుకోకండి. ఆ లెక్కన నా పుస్తకంలో ఉండే రాత్రులు ఇవి: రామాయంపేట, హింగన్‌ఘాట్, నర్సింగ్‌పూర్, ఝాన్సీ, పల్వల్. అటూ ఇటూ ఇరవై కిలోమీటర్లలో లారీలు ఎక్కువగా ఆగే, వెలుతురున్న డాబా గానీ పెట్రోలు బంకు గానీ చూసుకోండి. ఆ దారిన తరచూ వెళ్లేవారిని అడిగితే పేరుతో సహా చెబుతారు. ఇద్దరు డ్రైవర్లుంటే రోజుకు 600 వేసుకోవచ్చు. అప్పుడు కూడా రాత్రి రెండు నుంచి ఐదు దాకా బండి ఆగి ఉండేలా చూడండి. పక్క సీటులో కుదుపుల మధ్య పడుకున్నది సగం నిద్రే.

మొదటి రాత్రి అన్నిటికన్నా చెడ్డది. వినడానికి వింతగా ఉంటుంది, ఇంకా అలసిపోలేదు కదా అనిపిస్తుంది. కానీ డ్రైవరు ఆ రోజంతా యార్డులోనే ఉన్నాడు. లోడింగుకు వరుసలో ఉన్నాడు, టిక్కీలు లెక్క పెట్టుకున్నాడు, పట్టా కప్పాడు, కాటా దగ్గర నిలబడ్డాడు, బిల్లుల కోసం తిరిగాడు. రాత్రి ఎనిమిదింటికి స్టీరింగు ముందు కూర్చునేసరికే పద్నాలుగు గంటలు మెలకువగా ఉన్న మనిషి. మా బండి ఒకటి నల్గొండ దాటాక డివైడరు ఎక్కింది అలాంటి రాత్రే. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు, రెండు టైర్లు, ముందు ఇరుసు పోయాయి. ఆ తరువాత మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం: లోడు ఎక్కిన రాత్రి బండి గుంటూరులోనే పడుకుంటుంది, తెల్లవారి నాలుగున్నరకు కదులుతుంది. బుకింగ్ ఆఫీసు వారు కొన్నాళ్లు సణిగారు, తరువాత అలవాటు పడ్డారు.

ఇదే కాగితం మే నెలలో ఒక రకంగా, జనవరిలో ఇంకో రకంగా రాయాలి. మేలో ఆదిలాబాద్ నుంచి నాగపూర్ దాకా ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. తెల్లవారుజామున కదిలి పన్నెండుకు ఆపి, నాలుగు దాకా నీడన ఉండి, మళ్లీ చీకటి పడేదాకా నడపాలి. జనవరిలో గ్వాలియర్ దాటాక ఇది తలకిందులవుతుంది. తెల్లవారుజామే పొగమంచు దట్టంగా ఉంటుంది కాబట్టి తొమ్మిది, పది గంటలకు కానీ కదలకూడదు. రోడ్డు అదే, బండి అదే, గడియారమే తిరగబడింది.

డీజిల్ లెక్క

ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో డీజిల్ మీద పన్ను ఎక్కువ. మహారాష్ట్రలో లీటరు ధర కొంత తగ్గుతుంది, ఉత్తరప్రదేశ్‌లో ఇంకా తగ్గుతుంది. గుంటూరులో ట్యాంకు నింపుకోవడం దండగ. పెన్‌గంగ దాకా సుమారు 600 కిలోమీటర్లు, లీటరుకు నాలుగు వస్తే 150 లీటర్లు కావాలి. మళ్లింపులకు, ట్రాఫిక్‌కు ఇంకో 50 కలిపి 200 పోయించుకోండి. మిగిలింది పాండర్‌కవడ వైపు. మళ్లీ లలిత్‌పూర్ దగ్గర ఉత్తరప్రదేశ్‌లోకి అడుగుపెట్టాక. ఆదా చేద్దామని అడుగంటే దాకా నడపకండి, అడుగు మడ్డి ఫిల్టరులోకి వచ్చి చేరుతుంది.

బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండ్లకు పొగను శుభ్రం చేసే యూరియా ద్రావణం కూడా కావాలి. డీజిల్‌లో సుమారు ఐదు శాతం వేసుకుంటే ఈ ప్రయాణానికి పాతిక లీటర్ల లోపు. అది అయిపోతే ఇంజను బలం తగ్గించేసి బండి ఈడుస్తుంది. రోడ్డు పక్క మూత సరిగా లేని బకెట్లలో చవకగా అమ్మేదాన్ని పోస్తే సెన్సర్లు, పంపు పాడవుతాయి. దాని ఖర్చుతో పోలిస్తే మంచి బకెట్టు ధర ఒక లెక్కా?

దారిలో ఎక్కడ ఏం చూడాలి

ప్రతి ఉదయం, బండి చల్లగా ఉన్నప్పుడు, ఇనుప కడ్డీతో టైర్లన్నిటినీ ఒక్కొక్కటిగా తట్టండి. గాలి నిండుగా ఉన్న టైరు కడ్డీని వెనక్కి ఎగరగొడుతుంది, శబ్దం ఖంగుమంటుంది. గాలి తగ్గినది మొద్దుగా పలుకుతుంది, కడ్డీ దానికి అతుక్కున్నట్టు ఆగుతుంది. వెనుక జంట టైర్లలో లోపలి టైరుకు గాలి లేకపోయినా బయటికి తెలియదు, రెండో టైరు మోస్తుంటుంది. మధ్యాహ్నానికి ఆ రెండోది పేలుతుంది. జంట టైర్ల మధ్య రాయి ఇరుక్కుందేమో కూడా అప్పుడే చూడాలి. ఎండలో నడిచిన టైరులో గాలి ఎక్కువైందని తీయడం పెద్ద తప్పు. చల్లారాక అది తక్కువ గాలితో మిగులుతుంది, మర్నాడు ఇంకా వేడెక్కుతుంది.

నిర్మల్ దాటాక ఘాట్ రోడ్డు (కొండదారి), తరువాత నాగపూర్ నుంచి సివనీ వెళ్లేటప్పుడు ఖవాసా దాటాక కురయీ ఘాట్ ఉన్నాయి. ఎక్కడం ఎవరైనా ఎక్కుతారు, దిగడంలోనే ప్రమాదం. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెబుతారు. దిగుడు మొదలయ్యాక గేరు తగ్గించడం కష్టం కాబట్టి ముందే తగ్గించి, ఇంజను ద్వారా వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు వేసుకుని, కాలి బ్రేకును అప్పుడప్పుడు గట్టిగా వేసి వదలండి. అదే పనిగా నొక్కి ఉంచితే డ్రమ్ములు కాలి లైనర్లు పట్టు వదిలేస్తాయి. కాలిన వాసన వచ్చిందంటే ఆలస్యమైనట్టే. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవారు ఇంకా ఉన్నారు, వారికి చెప్పడానికి నా దగ్గర మర్యాదైన మాట లేదు.

ఖవాసాకు ముందు పెంచ్ పులుల అడవి. జంతువులు కింద నుంచి వెళ్లడానికి రోడ్డును ఎత్తి వంతెనలు కట్టారు. వంతెనలు లేని చోట రాత్రిపూట జింకలు, అడవి పందులు అడ్డం రావచ్చు. లోడు బండి స్టీరింగు ఒక్కసారిగా తిప్పితే పడేది మనమే. నేరుగా, బ్రేకు మీద ఆపడమే మంచిది.

మధ్యప్రదేశ్‌లో వానాకాలం రాత్రుళ్లు అడవి జంతువులకన్నా పశువులతోనే భయం. నేలంతా తడిగా ఉండటంతో ఆవులన్నీ పొడిగా ఉన్న తారు రోడ్డు మీదకు వచ్చి పడుకుంటాయి. నల్లటి రోడ్డు, నల్లటి గేదె, ఎదుటి బండి లైట్లు కళ్లలో పడుతుంటే దగ్గరికొచ్చేదాకా కనిపించదు. లఖనాదౌన్ నుంచి సాగర్ దాకా ఆ నెలల్లో రాత్రి నడపకపోవడమే నా సలహా. నర్సింగ్‌పూర్ మన జాబితాలో రాత్రి మజిలీగా ఉండటానికి అదొక కారణం. మరునాడు పొద్దున బర్మాన్ దగ్గర నర్మద దాటుతారు, ఒక నిమిషం ఆగి దండం పెట్టుకునేవారు చాలామంది.

పొగమంచు

డిసెంబరు మధ్య నుంచి జనవరి ఆఖరు దాకా గ్వాలియర్, మొరేనా, చంబల్ వంతెన, ధోల్‌పూర్, ఆగ్రా, మథుర. దక్షిణాది డ్రైవర్లకు అలవాటు లేని ప్రమాదం ఇది. హెడ్‌లైటు పెద్దది వేస్తే ఎదుట తెల్లగోడ లేస్తుంది, చిన్న లైటే వేయాలి. ముందు బండి తోక లైటు పట్టుకుని వెళ్లడం హాయిగా అనిపిస్తుంది గానీ, అతను పొలంలోకి వెళితే మీరూ వెళతారు. ఎడమవైపు తెల్లగీతను చూస్తూ, అద్దం దించి చెవులు బయట పెట్టుకుని నడపండి. గీత కూడా కనిపించకపోతే ఇక బంకులోకో డాబాలోకో తిప్పేయాలి. రోడ్డు అంచున మాత్రం ఆగకండి. వెనకవాడు మీ తోక లైటు చూసి మీరు వెళుతున్నారనుకుంటాడు.

వెనుక ఎర్ర రిఫ్లెక్టరు టేపు, పక్కల పసుపు టేపు చట్టం అడుగుతుంది. అవి ఉన్నా దుమ్ము కప్పేసి ఉంటాయి. రోజూ తడి గుడ్డతో తుడవండి. పట్టా అంచు వేలాడి టేపును, లైట్లను కప్పుతోందేమో చూడండి.

బండి ఆగిపోతే

వీలైనంత ఎడమకు, వీలైతే తారు దాటించి ఆపాలి. త్రికోణం బోర్డును బండికి నాలుగడుగుల దూరంలో పెట్టి చేతులు దులుపుకుంటారు చాలామంది. వెనక్కి నూరు అడుగులు వేసి, మలుపు ఉంటే మలుపుకు అవతల పెట్టండి. బోర్డు లేదని రాళ్లు, చెట్టు కొమ్మలు పెట్టేవారు బండి బాగయ్యాక వాటిని తీయరు. ఆ రాయి రాత్రికి ఏ మోటారుసైకిలు వాడికో తగులుతుంది. దయచేసి తీయండి. రెండు బండ్ల మధ్య, బండి వెనుక నిలబడకండి. జాతీయ రహదారి మీద సాయానికి 1033, ప్రాణాపాయమైతే 112.

ఢిల్లీ ముంగిట

పగలంతా భారీ లారీలకు నగర ప్రవేశం లేదు. పల్వల్ మజిలీ అందుకే. అక్కడి నుంచి తూర్పుకు, పడమరకు రెండు వలయ ఎక్స్‌ప్రెస్‌వేలు విడిపోయి ఉత్తరాన కుండ్లీ దగ్గర కలుస్తాయి. పంజాబ్ వైపు వెళ్లేవారికి ఢిల్లీతో పనే లేదు. ఎండుమిర్చి బేరం పాత ఢిల్లీ మసాలా బజారు ఖారీ బావలీలో జరిగినా పెద్ద లారీ ఆ సందుల్లోకి పోదు. సంజయ్ గాంధీ ట్రాన్స్‌పోర్ట్ నగర్ లాంటి చోట దించి చిన్న బండ్లకు ఎక్కిస్తారు. ప్రవేశించే బండ్ల నుంచి 2015 నుంచి పర్యావరణ పరిహార రుసుము వసూలు చేస్తున్నారు. దానికి ఫాస్టాగ్ కాకుండా వేరే ట్యాగ్ కావాలి, అందులో డబ్బు వేసి ఉంచండి.

చలికాలంలో ఇంకో చిక్కుంది. గాలి మరీ చెడిపోయి ఆంక్షలు నాలుగో దశకు చేరితే, నిత్యావసరాలు తెచ్చేవి, సీఎన్‌జీ, ఎల్‌ఎన్‌జీ, విద్యుత్, బీఎస్-6 డీజిల్ బండ్లు మినహా లారీలను సరిహద్దులోనే ఆపేస్తారు. పాత ప్రమాణాల ఇంజన్ల మీద నిషేధాలు విడిగా ఉన్నాయి. అందుకని నవంబరు నుంచి జనవరి దాకా లోడు ఒప్పుకునేటప్పుడే రెండు మాటలు బిల్టీ (రవాణా రసీదు) మీద రాయించుకోండి: సరిహద్దు మూస్తే సరుకు ఎక్కడ దించాలి, ఆగిన ప్రతి రోజుకు ఎంత ఇవ్వాలి. యార్డులో లోడు ఎక్కేటప్పుడు ఈ మాటకు ఎవరైనా సరేనంటారు. కుండ్లీలో మూడో రోజు ఫోను చేసి అడిగితే అవతలివాళ్లు ఫోను ఎత్తరు.